కప్పు పడని గుడి

సిద్దమ్మ మొగుడు నారయ్య గోడమీద నుంచి పడి చచ్చిపోయేనాటికి గుడికి ఇంకా కప్పు పడలేదు.

ఎండలు ముదిరిన రోజులు. ముందరి గోడ మొన మీద సిలువ నిలపడానికి దిమ్మె కడుతున్నాడు నారయ్య. కింద సిద్దమ్మ గానుగ ఎద్దును తోలుతూ, రాతిచక్రం కింద నలిగే సున్నంలో ఇసుక పోస్తోంది. పరంజా కట్టె విరిగిన చప్పుడు వినిపించింది. ఏదో కట్టె విరిగిందిలే అనుకుంది. తలెత్తేసరికి గోడ మీద మనిషి లేడు. జనం పరుగెత్తుతుంటే తానూ పరుగెత్తింది. నారయ్య రాళ్ళ కుప్ప మీద వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె వచ్చిందని తెలిసినట్టు పెదవులు కదిపాడు గాని మాట పెగల్లేదు. నెత్తురు కూడా పెద్దగా రాలేదు. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది.

ఆ గుడి ఇబ్రహీంపట్నం ఊరవతల, మాదిగవాడను ఆనుకొని ఉన్న మొరం దిబ్బ మీద లేస్తూ ఉండింది. నైజాం రాజ్యంలో అప్పటికే కొన్నేళ్ళుగా ఇటలీ దేశపు గురువులు ఊళ్ళు తిరుగుతున్నారు. వాళ్ళలో ఒకాయన ఈ వాడకు వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. ఆయన పేరు బెర్నార్దినో. ఎవరికీ నోరు తిరగక బెన్నయ్య స్వామి అన్నారు. ఆయనా ఆ పేరుకే పలికేవాడు. బక్క మనిషి, ఎర్రటి గడ్డం, పుస్తకాల తెలుగు. ఊరి పెద్ద పటేలు కిష్టారెడ్డి కాలికి మానని పుండు పడితే రోజూ వెళ్ళి కడిగి కట్టు కట్టి మాన్పాడు. ఆ సంతోషంలో పటేలు, గడ్డి కూడా మొలవని ఆ దిబ్బను "తీస్కో స్వామీ, నీ గుడి కట్టుకో" అని నోటిమాట మీద ఇచ్చేశాడు.

వాడలో సగం ఇళ్ళవాళ్ళు జ్ఞానస్నానం తీసుకున్నారు. ఒక్కొక్కరిది ఒక్కో కారణం. స్వామి తహసీలుకు పోయి మాట్లాడితే వెట్టి కొంత తగ్గుతుందని కొందరు, పిల్లలకు నాలుగక్షరాలు వస్తాయని కొందరు. సిద్దమ్మ కారణం వేరు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఆమె దేవుళ్ళను దూరం నుంచే చూసింది. వాకిట్లో చెప్పులు విప్పడం, లోపలికి వెళ్ళడం, చల్లటి బండ మీద కూర్చోవడం, ఇవి ఇతరులు చేస్తుంటే చూసింది గాని తాను చేసినవి కావు. బెన్నయ్య స్వామి తాటాకు పందిట్లో పూజ చేస్తూ, "లోపలికి రండి, ఇది మీ ఇల్లు" అన్నప్పుడు, పందిరికి లోపలేమిటి, బయటేమిటి అని అందరూ నవ్వారు. సిద్దమ్మ నవ్వలేదు. ముందుకు పోయి కూర్చుంది.

నారయ్యకు జోజప్ప అనీ, సిద్దమ్మకు మరియమ్మ అనీ కొత్త పేర్లు పెట్టారు. ఆ పేర్లు పూజ జరిగినంతసేపే. గుడిసెకొస్తే అతడు నారయ్యే, ఆమె సిద్దమ్మే. నారయ్యకు దేవుడి మీదకన్నా రాయి మీద నమ్మకం ఎక్కువ. పిల్లప్పుడు హిమాయత్‌సాగర్ కట్టేచోటికి కూలికి పోయి రాతిపని పట్టుకొచ్చినవాడు. గుడి అనగానే అతని ఒంట్లోకి కొత్త నెత్తురు వచ్చినట్టయింది. శేరిగూడ వైపు గుట్టల్లో రాయి పగలగొట్టి, బండ్లకెత్తి, దిబ్బ మీద ఒక్కో వరుసా పేరుస్తూ పోయాడు.

గురువు పూజ చేసే పీఠం ఉండే గది ముందు పూర్తయింది. ఆగస్టులో వచ్చే మరియతల్లి పండుగకు కనీసం అదైనా సిద్ధంగా ఉండాలని స్వామి పట్టుపట్టాడు. దానికి సున్నపు గుమ్మటం తిప్పారు. జనం కూర్చునే పెద్ద సాలకు మాత్రం గోడలు లేచాయి, పైకప్పు మిగిలింది. పీఠం గది గోడలకు గచ్చు వెయ్యడం ఆడవాళ్ళ వంతు. సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం, కోడిగుడ్ల తెల్లసొన కలిపారు. ఆ ఎండాకాలం వాడలో ఏ పిల్ల నోటికీ గుడ్డు అందలేదు. సిద్దమ్మ నున్నటి గులకరాయి పట్టుకొని గోడను రుద్దేది. రుద్దగా రుద్దగా గోడ తడి ఆరని పాలమీగడలా మెరిసేది. అరచేతులు పొక్కి, పగిలి, సున్నం మంటకు అన్నం కలుపుకోలేక గట్క తాగి పడుకునేది.

"నా రాయి మీద నీ గచ్చు," అని ఎగతాళి చేసేవాడు నారయ్య. "రేపు అందరొచ్చి నీ నునుపు జూసి మెచ్చుకుంటరు. లోపలున్న నా రాయి ఎవనికి కనవడ్తదే?"

"నాకు ఎరకనే గద. చాలదా?" అనేది సిద్దమ్మ.

బొమ్మలు వెయ్యడానికి పట్నం నుంచి సంజీవ అనే నకాషీ వచ్చాడు. ఊరేగింపు వాహనాలకూ రథాలకూ రంగులు వేసే చెయ్యి అతనిది. గుమ్మటమంతా నీలం పూసి చుక్కలు పెట్టాడు. వెనకగోడ మీద మరియతల్లిని నిలబెట్టాడు. స్వామి ఒక కాగితం బొమ్మలో చూపించిన తెల్లపూలు సంజీవ ఎన్నడూ చూసినవి కావు. ఉమ్మెత్తపూలు కాబోలనుకొని తల్లి పాదాల దగ్గర గుత్తులు గుత్తులుగా ఉమ్మెత్తలే వేశాడు. స్వామి చూసి చాలాసేపు నవ్వి, "ఉండనివ్వు, ఈ నేలలో పూసేవే వెయ్యి" అన్నాడు. తల్లి ముఖం కొంచెం పొలం గట్టు మీద ఎవరికోసమో చూసే ఆడమనిషి ముఖంలా వచ్చింది. సిద్దమ్మకు ఆ ముఖం మీంచి చూపు మళ్ళేది కాదు.

ఆ రంగులు ఆరిన కొద్ది రోజులకే నారయ్య పడిపోయాడు.

అతణ్ణి పీఠం గది వెనక, గోడ పక్కనే పూడ్చారు. మట్టి వేసేటప్పుడు బెన్నయ్య స్వామి అందరిముందూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తర్వాత సిద్దమ్మ గుడిసె ముందుకు వచ్చి నిలబడి, "సిద్దమ్మా, ఈ గుడికి కప్పు పడిన నాడు, లోపల చేసే మొదటి పూజ నారయ్య ఆత్మ కోసమే. నేను మాట ఇస్తున్నాను" అన్నాడు.

ఆమెకు ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు. స్వామి వెళ్ళాక ఉపదేశి ముత్యాలును అడిగింది. ముత్యాలు వాడకు జపాలు నేర్పే మనిషి, నారయ్య ఈడువాడు. చనిపోయినవాళ్ళు నేరుగా మోక్షానికి పోరనీ, ఉత్తరించే స్థలంలో ఆగి ఉంటారనీ, వాళ్ళకోసం పూజ చేయిస్తే తొందరగా బయటపడతారనీ అతడు చెప్పాడు.

"ఆడ నీడుంటదా ముత్యాలన్నా?" అంది సిద్దమ్మ.

"అగ్గి ఉంటదంటరు" అన్నాడు.

ఆనాటినుంచి ఆమెకు కంటికి కునుకు పడితే చాలు, నారయ్య ఎండలో రాళ్ళ మీద నిలబడి కప్పుకోసం ఎదురుచూస్తున్నట్టే ఉండేది. దినవారాలు కూడా కాకముందే గానుగ దగ్గరికి వెళ్ళింది. అందరూ వద్దన్నారు. "గాయిన ఆడ నిలవడ్డడు. నేనీడ కూసుంటె ఎట్ల?" అంది.

టేకు దూలాలు హయత్‌నగర్ మీదుగా బండ్ల మీద వచ్చాయి. మృగశిర కార్తె ఇంకా పూర్తిగా దిగలేదు. పెంకులు కూడా వస్తే వానలకు ముందే సాల కప్పేయవచ్చని స్వామి ఉత్సాహంగా తిరుగుతున్నాడు. దూలాలకు నూనె రాస్తున్న ఒక పొద్దున, మట్టి రేపుకుంటూ మోటారు ఒకటి వచ్చి దిబ్బ కింద ఆగింది. అమీనూ, పట్నం పోలీసులూ దిగారు. స్వామితో వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. ఆయన లోపలికి వెళ్ళి చిన్న సంచి తెచ్చుకున్నాడు. అంతే.

"ఏమైంది? స్వామి ఏం జేసిండు?" అని సిద్దమ్మ ముత్యాలు చెయ్యి పట్టుకుంది.

"ఏం చెయ్యలే. సీమల లడాయి నడుస్తున్నది గద. గాయిన దేశపోల్లు ఇంగ్రేజోల్ల మీదికి దిగిన్రట. అందుకే గా దేశపోల్లనందర్ని పట్కపోతున్నరు."

"గంత దూరంల లడాయైతె మన స్వామినెందుకు?"

"గాడ పుట్టిండు గద. గదే తప్పు" అన్నాడు ముత్యాలు.

మోటారు ఎక్కేముందు బెన్నయ్య స్వామి వెనక్కి తిరిగి, "దూలాలు తడవనివ్వకండి. నేను వస్తాను" అన్నాడు. సిద్దమ్మ ఆ మాటను కొంగున కట్టుకున్నట్టు పట్టుకుంది. ఆ రోజే తాటాకులు కొట్టించి దూలాల మీద కప్పింది. గాలికి లేచిపోకుండా వాటిమీద రాళ్ళు పెట్టింది. ప్రతి వానకూ పరుగెత్తుకొచ్చి సర్దేది.

ఆ వానాకాలంలోనే పెద్ద పటేలు కిష్టారెడ్డి కాలం చేశాడు. పెత్తనం కొడుకు బాల్‌రెడ్డి చేతికి వచ్చింది. గుడి పని మొదలైన నాటినుంచి వాడ మనుషులు పిలిస్తే వెట్టికి రావడం లేదనీ, పాదిరి ఎగదోస్తున్నాడనీ అతనికి మంట. తండ్రి బతికున్నంతకాలం నోరు మూసుకున్నాడు. ఇప్పుడు గడిలో కొత్తగా పశువుల కొట్టం వేయించాలనుకున్నాడు. ముసురు పట్టిన ఒకనాడు గొడుగు వేసుకొని దిబ్బ మీదికి వచ్చాడు. దూలాలు మొయ్యడానికి వాడలోని మగవాళ్ళనే వెట్టికి పిలిపించాడు.

సిద్దమ్మ పోయి దూలాల మీద కూర్చుంది.

"ఏందే సిద్దీ, లే" అన్నాడు బాల్‌రెడ్డి.

"లెవ్వ దొరా. ఇవి గుడియి."

"గుడేదే? నాకు గోడలే కనవడ్తున్నయ్. కట్టేటోడు జేల్ల ఉన్నడు."

"వస్తనన్నడు దొరా. పెద్ద దొర ఇచ్చిన జాగ ఇది."

"మా బాపు నోటిమాట బాపుతోనే కాట్లె కాలిపోయింది."

అతడు ఆమె మీద చెయ్యి ఎత్తలేదు. గొంతు కూడా పెంచలేదు. గుంపులో ముందు నిలబడ్డ జంగా వైపు తిరిగాడు. జంగా నారయ్య తమ్ముడు, నలుగురు పిల్లల తండ్రి. "జంగా, రేపటి సంది చెరువు కింద నా మళ్ళల్ల మీ వాడోల్లెవ్వలు అడుగు పెట్టద్దు. నాటుకు వేరే ఊరోల్లను తెచ్చుకుంట. నా బాయికాడికి నీళ్ళకు గిట్ల రావద్దు. ఏం దింటరో మీ వదినెనే అడుగుర్రి" అన్నాడు.

సిద్దమ్మ అందరి ముఖాలూ చూసింది. ఈ గోడలు కట్టిన చేతులే అవి. ఒక్కరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. జంగా వచ్చి బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వదినా, లే. నీ కాల్మొక్త. పిల్లలున్నరు."

"మీ అన్న గాడ ఎండల ఉన్నడు జంగా."

"మా అన్న సచ్చిపోయిండు వదినా. మేం బతికున్నం."

ఆమె లేచింది.

తాటాకులు పక్కకు లాగి మగవాళ్ళు దూలాలకు భుజాలు పట్టారు. మొరం తడిసి జారుతోంది. దిబ్బ దిగేచోట ముసలి మల్లేశయ్య కాలు జారి పడ్డాడు. దూలం కొస వాలిపోయి, ముందున్నవాళ్ళ మీదికి ఒరిగింది. దానికింద జంగా ఉన్నాడు. చూస్తూ నిలబడ్డ సిద్దమ్మకు ఏ ఆలోచనా రాలేదు; ఉరికి వెళ్ళి ఆ కొస కింద భుజం పెట్టింది. ఒకసారి పెట్టాక దింపడానికి చోటు లేదు. అలాగే ఊరి మధ్యనుంచి గడి దాకా మోసింది. దూలానికి ఆమె రాసిన నూనె వాసన ఇంకా పోలేదు. గడి వాకిట్లో దింపాక, ఎవరూ ఏమీ అనకముందే, మిగిలిన దూలాల కోసం అందరితో పాటు వెనక్కి నడిచింది. ఆ నడక ఎందుకు నడిచిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు తెలియలేదు.

అటుపైన గుడి గురించి మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. లడాయి ఏళ్ళకేళ్ళు సాగింది. పండిన గింజలు సర్కారు లెవీకి పోయాయి. ముత్యాలు కొంతకాలం ఆదివారాలు జపం చెప్పాడు. వినేవాళ్ళు సిద్దమ్మా, ఇంకో ఇద్దరు ముసలమ్మలూ మిగిలాక, పట్నంలో మిల్లు పని దొరికిందని వెళ్ళిపోయాడు. జంగా బిడ్డకు అమ్మవారు పోస్తే ఎల్లమ్మకు కోడిని కోశాడు. వదినె ఏమంటుందోనని దొంగచాటుగా కోశాడు. ఆమె ఏమీ అనలేదు. ఆ కూర తెచ్చి పెడితే తిన్నది.

కప్పులేని సాలలో తుమ్మలు మొలిచాయి. వానొస్తే గొర్లకాపర్లు మందను పీఠం గదిలోకి తోలి, చలికి మంట వేసుకునేవారు. సిద్దమ్మ వెళ్ళి పెంటికలు ఊడ్చేది, బూడిద ఎత్తేది. "జర బయట పెట్టుకోర్రి బిడ్డా మంట" అని బతిమాలేది. అవ్ అవ్ అనేవారు. మర్నాడు మళ్ళీ బూడిద ఉండేది. చుక్కల గుమ్మటం నల్లబడింది. మసి గోడ మీదికి దిగి దిగి, ఒకనాడు మరియతల్లి ముఖం కూడా కనిపించకుండా పోయింది.

ఆ రోజు సిద్దమ్మ కుండెడు నీళ్ళూ పాతగుడ్డా తీసుకొని వెళ్ళింది. రాళ్ళు పేర్చుకొని ఎక్కి, మెల్లగా తుడవడం మొదలుపెట్టింది. మసి కదిలింది. గుడ్డ నల్లబడింది. ఇంకొంచెం రుద్దింది. గుడ్డకు నలుపుతో పాటు నీలం అంటింది, తర్వాత గోధుమరంగు అంటింది. చూసుకునేసరికి ముఖం ఉండాల్సిన చోట తాను ఒకప్పుడు మెరుగుపెట్టిన గచ్చు తెల్లగా మెరుస్తోంది. ఆమె గుడ్డను నీళ్ళలో ముంచి పిండింది. ఆ నీళ్ళను పారబొయ్యడానికి చేతులు రాక, కుండ ముందు పెట్టుకొని పొద్దుగూకే దాకా కూర్చుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పినా అయ్యో అనేవాళ్ళు వాడలో మిగల్లేదు.

లడాయి అయిపోయిన మరుసటి ఏడు కొత్త గురువు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, పేరు చిన్నప్ప. మీసాలు సరిగా ముదరని వయసు. సైకిలు దిగి గోడలన్నీ చుట్టి చూశాడు. వాడలో ఇల్లిల్లూ అడిగాడు. చివరికి సిద్దమ్మ గుడిసె ముందుకు వచ్చాడు.

"స్వామి ఎప్పుడొస్తడు?" అని మొదటిమాటే అడిగింది సిద్దమ్మ. ఆ ప్రశ్న అడగడానికి అన్నేళ్ళలో ఆమెకు మనిషి దొరకలేదు.

"ఏ స్వామి అమ్మా?"

"బెన్నయ్య స్వామి."

చిన్నప్ప గురువు ముఖం మారింది. "మీకెవరూ చెప్పలేదాండీ? ఆయన బందీల క్యాంపులోనే జబ్బుచేసి చనిపోయారమ్మా. మూడేళ్ళు కావస్తోంది."

ఆమె గడప పట్టుకొని కూర్చుంది. మూడేళ్ళుగా ఊడ్చిన బూడిద, బతిమాలిన కాపర్లు, అన్నీ లేని మనిషి కోసమే. ఏడుపు రాలేదు.

గురువు మెల్లగా మిగతాది చెప్పాడు. ఇక్కడ విశ్వాసులు పది ఇళ్ళు కూడా లేరు. హయత్‌నగర్ అవతల ఒక ఊళ్ళో చాలా కుటుంబాలు ఉన్నాయి, అక్కడ చుట్టుపట్ల ఊళ్ళన్నిటికీ కలిపి విచారణ గుడి పెంకుల కప్పుతో పూర్తయింది. ఇక్కడ మళ్ళీ పని మొదలుపెట్టే ఆలోచన పెద్దలకు లేదు. ఆయన మాటల్లో కపటం లేదు. చెప్పడానికి ఆయనకూ కష్టంగానే ఉంది.

"మరి మా ఆయన పూజ?" అంది సిద్దమ్మ. బెన్నయ్య స్వామి ఇచ్చిన మాట చెప్పింది.

"అక్కడ తప్పకుండా చేస్తానమ్మా. వచ్చే ఆదివారం మీరూ రండి."

శనివారం తెల్లవారుజామున బయల్దేరింది. సద్ది మూట కట్టుకొని ఒక్కతే తుర్కయాంజాల్ మీదుగా నడిచి, పొద్దుగూకేసరికి ఆ ఊరు చేరి, గుడి వసారాలో పడుకుంది. పొద్దున గంట కొట్టారు. చెప్పులు ఆమెకు లేవు. కాళ్ళు కడుక్కొని లోపలికి వెళ్ళి ఆడవాళ్ళ వైపు బండ మీద కూర్చుంది. చల్లగా ఉంది. పైన ఎర్రటి పెంకులు, కొత్త దూలాలు. ఎక్కడా సందులోంచి ఎండ పడటం లేదు. కొత్త బట్టల జనం, రంగుకాగితాల తోరణాలు, పీఠం మీద బంతిపూలు. ఆమె కళ్ళు మూసుకొని చెవులు రిక్కించింది. నారయ్య పేరు ఎప్పుడు పిలుస్తారా అని, పిలవగానే అతడు ఎండలోంచి లేచి వస్తాడని, ఊపిరి బిగబట్టి విన్నది. గురువు అటు తిరిగి లాటినులో గొణుగుతున్నాడు. గంట గణగణమన్నది. అందరూ మోకరించారు, లేచారు, పాడారు. జనం కదిలిపోవడం మొదలైంది.

ఆమె కూర్చునే ఉంది. గుడి ఖాళీ అయ్యాక వెళ్ళి గురువును అడిగింది.

"నారయ్య పేరు ఎప్పుడు చదువుతరు స్వామీ?"

"చదివానమ్మా. పూజ మధ్యలో చదివాను."

"నాకు వినవడలే."

"జ్ఞానస్నానం పేరు చదివానమ్మా, లాటినులో. యోసేఫుస్ అని."

"ఒక్కపాలి సెప్పుర్రి స్వామీ."

"యోసేఫుస్" అన్నాడు గురువు, నిదానంగా, ఆమెకు అందేలా.

సిద్దమ్మ విన్నది. జోజప్ప అన్నా కొంచెం గుర్తుపట్టేదేమో. ఆ పేరుగల మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు, వండిపెట్టలేదు, ఆ పేరుగలవాడితో గచ్చు గురించి వాదులాడలేదు. "దేవుడికి వినపడుతుందమ్మా" అని గురువు ఓదార్చాడు. బయట ఎవరో బిడ్డను జ్ఞానస్నానానికి తెచ్చారు. ఆయన వెళ్ళాల్సి వచ్చింది. ఆమె దండం పెట్టి బయటికి నడిచింది.

తిరుగుదారిలో తుర్కయాంజాల్ దగ్గర ఎండ నెత్తిన పడింది. బాయికాడ ఒక కాపు ఇంటావిడ నీళ్ళు తోడుతుంటే, దూరంగా నిలబడి దాహమడిగింది.

"ఏ వాడ?" అంది ఆవిడ.

సిద్దమ్మ చెప్పింది.

"గాడనే ఉండు, వంగు." ఆవిడ చేద ఎత్తి పట్టుకొని పైనుంచి నీళ్ళు పోసింది. సిద్దమ్మ దోసిలి పట్టి తాగింది. సగం నీళ్ళు మోచేతుల మీంచి కారి మట్టిలో పడ్డాయి. ఆవిడ మనసు మెత్తనిదే. అడిగినదానికన్నా ఎక్కువే పోసింది.

"యాడికి పోయొస్తున్నవ్ ఇంత ఎండల?"

"గుడికి."

"మొక్కుండెనా?"

"అవ్."

"తీరిందా మరి?"

సిద్దమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "తీరింది దొరసానీ" అని, ఇబ్రహీంపట్నం దారి పట్టింది.